పుట్టగొడుగుని తీసుకెళ్లారు, కట్టుబాటుని వదిలేశారు

(ఆదివాసీ యువజన శిక్షణ తరగతుల్లో మాట్లాడిన మాటలకి ఇది రాతరూపం. చదివేవాళ్ల కోసం అక్కడక్కడా సవరించాం.)



మీలో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. పుట్టగొడుగుతో డిప్రెషన్ తగ్గుతుందంట, అడవి మందుతో మనసు బాగవుతుందంట అని వీడియోల మీద వీడియోలు వస్తున్నాయి. వీటిని సైకెడెలిక్స్ అంటున్నారు. మనం చూసే తీరు, వినే తీరు, కాలం నడిచే తీరు, అన్నిటినీ కొన్ని గంటలపాటు మార్చేసే పదార్థాలు అన్నమాట. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్, పెయోటీ అనే చిన్న కాక్టస్‌లో ఉండే మెస్కలిన్ ఈ కోవలోవే.

ఇవి మంచివా, చెడ్డవా అని అందరూ అడుగుతారు. నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. ఇవి ఎవరి చేతిలో ఉన్నంతకాలం మందుగా ఉన్నాయి? ఎవరి చేతిలోకి పోయాక ప్రమాదం అయ్యాయి? దీనికి జవాబు వెతకాలంటే మన కొండలు దాటి మెక్సికో దాకా పోవాలి. అక్కడి ఓహాకా రాష్ట్రంలో మసాటెక్ అనే ఆదివాసీ జనం ఉన్నారు. వాళ్ల కొండల్లో వౌట్లా అనే ఊరుంది. ఆ ఊళ్లో మరియా సబీనా అనే వైద్యురాలు ఉండేది. బడికి పోలేదు, స్పానిష్ రాదు, తెలిసిందల్లా మసాటెక్ భాష. జబ్బు చేసినవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు.

ఆమె వైద్యం రాత్రిపూట జరిగేది. దాన్ని వెలాదా అంటారు, అంటే జాగారం. ముందు కొన్ని రోజులు నియమం పాటించాలి. ఖాళీ కడుపుతో కూర్చోవాలి. పుట్టగొడుగుల్ని సాంబ్రాణి లాంటి పొగ మీద చూపించి, జతలు జతలుగా ఇస్తారు. దీపాలు ఆర్పేస్తారు. వైద్యురాలు తను కూడా తింటుంది. రాత్రంతా పాడుతూ, చప్పట్లు చరుస్తూ, రోగి పక్కనే ఉంటుంది. తెల్లారేదాకా ఎవరూ గడప దాటకూడదు. ఆ పుట్టగొడుగుల్ని వాళ్లు పవిత్రమైన పిల్లలు అని పిలుచుకుంటారు. సరదాకి తినరు, సంతలో పెట్టి అమ్ముకోరు. మనిషికి జబ్బెందుకు వచ్చింది, పోయిన మనిషి ఎక్కడున్నాడు, ఇలాంటి అవసరం ఉంటేనే.

మనకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. మామిడి కొత్త చేసేదాకా మనం మామిడికాయ ముట్టం గదా. చెట్టు మనదే, కాయ కళ్లముందే వేలాడుతుంటుంది. అయినా పెద్దలు రోజు పెట్టాలి, పూజారి ముందు దేవతకి పెట్టాలి, ఆ తర్వాతే ఇంటికొస్తుంది. కాయ ఒక్కటే ఉంటే చాలదు, దాని వేళ రావాలి, ఇచ్చే మనిషి ఉండాలి. మసాటెక్ వాళ్ల పుట్టగొడుగు కూడా అట్లాగే వేళకీ, మనిషికీ, అవసరానికీ కట్టుబడి ఉంది. వాళ్ల భద్రత అంతా ఆ కట్టుబాటులోనే ఉంది.

ఇప్పుడు అది ఎట్లా తెగిందో చూడండి.

1955 జూన్ నెలాఖరులో న్యూయార్క్ నుంచి గోర్డన్ వాసన్ అనే ఆయన ఆ ఊరికి వచ్చాడు. పెద్ద బ్యాంకులో వైస్ ప్రెసిడెంట్. పుట్టగొడుగుల చరిత్ర అంటే ఆయనకి పిచ్చి. దూరంగా ఉన్న కొడుకు ఎట్లా ఉన్నాడో తెలుసుకోవాలని అడిగి జాగారంలో కూర్చున్నాడు. ఊరి అధికారి చెప్పాడని మరియా సబీనా ఒప్పుకుంది. ఫోటోలు బయట పెట్టకూడదనే షరతు మీదే తీయనిచ్చింది. 1957 మేలో లైఫ్ పత్రికలో ఆ ఫోటోలు, ఆ కథ లక్షల మందికి చేరాయి. పత్రికలో ఆమె పేరు మార్చారు గానీ, అదే ఏడు వాసన్ దంపతులు వేసిన పుస్తకంలో ఊరూ పేరూ అన్నీ ఉన్నాయి.

పుట్టగొడుగులు పారిస్ చేరాయి. అక్కడ పెంచారు. 1958లో స్విట్జర్లాండ్ మందుల కంపెనీ శాండోజ్‌లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త వాటిలోంచి సైలోసైబిన్‌ని విడదీశాడు. మాత్రలు తయారయ్యాయి. 1962లో హాఫ్‌మన్ ఆ మాత్రల్ని తీసుకుని వౌట్లా వచ్చి ఆమెకే ఇచ్చాడు. వాటిలో కూడా అదే శక్తి ఉందని ఆమె ఒప్పుకుంది. ఈ కథలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. 1956లో వాసన్ వెంట వచ్చిన ఒక రసాయన శాస్త్రవేత్త అమెరికా గూఢచార సంస్థ సీఐఏ తరఫున వచ్చాడు. మనుషుల మనసుల్ని లొంగదీసే మందుల కోసం వాళ్లు వెతుకుతున్న రోజులవి. రోగిని బాగుచేసే మందులో వాళ్లకి ఆయుధం కనపడింది.

పత్రిక చదివినవాళ్లు 1960ల్లో గుంపులు గుంపులుగా వౌట్లాకి వచ్చారు. వేళ లేదు, నియమం లేదు. పగలు తిన్నారు, వీధుల్లో తిన్నారు. చివరికి ప్రభుత్వం సైన్యాన్ని దింపి వాళ్లని బయటికి పంపాల్సి వచ్చింది. ఇంత జరిగితే నింద ఎవరి మీద పడింది? మరియా సబీనా మీద. గుట్టు బయట పెట్టావని ఊరు కోపగించుకుంది. ఆమె ఇల్లు తగలబడింది. మత్తుమందు అమ్ముతోందని పోలీసులు అనుమానించారు. ఆ ఊరివాడే అయిన ఆల్వరో ఎస్త్రాదా ఆమె జీవితాన్ని ఆమె మాటల్లోనే రాసి 1977లో పుస్తకం వేశాడు. బయటివాళ్లు రాకముందు దేవుణ్ణి చూద్దామని ఎవరూ తినలేదు, జబ్బు బాగవడానికే తిన్నారు అని అందులో చెప్పుకుంది. వాళ్లు వచ్చాక పుట్టగొడుగుల బలం పోయిందని బాధపడింది. 1985లో బీదరికంలోనే పోయింది.

ఆమె పేరుతో టీషర్టులు మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1971 ఐక్యరాజ్యసమితి ఒప్పందం సైలోసైబిన్‌ని అతి కఠినమైన జాబితాలో పెట్టింది. అదే ఒప్పందంలో ఒక వెసులుబాటు ఉంది. తమ నేలమీద సహజంగా పెరిగే మొక్కల్ని పూజాక్రతువుల్లో తరతరాలుగా వాడుతున్న చిన్న సమూహాలుంటే, వాళ్ల వాడకాన్ని దేశాలు మినహాయించుకోవచ్చు. మెక్సికో ఆ మినహాయింపు తీసుకుంది. పరిశోధనలు మాత్రం చాలా దేశాల్లో దాదాపుగా ఆగిపోయాయి.

మళ్లీ 2000 తర్వాత మొదలయ్యాయి. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 36 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఇది జీవితంలోనే గొప్ప ఆధ్యాత్మిక అనుభవాల్లో ఒకటని వాళ్లలో చాలామంది చెప్పారు. 2016లో క్యాన్సర్ రోగుల్లో భయం, దిగులు తగ్గాయని రెండు అధ్యయనాలు చెప్పాయి. 2022లో, మామూలు మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 233 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 25 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకి 3 వారాల దగ్గర మంచి తేడా కనపడింది. 12 వారాలకి ఆ తేడా అంత గట్టిగా నిలవలేదు. తలనొప్పి, వికారం వచ్చాయి. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా కనపడ్డాయి. కాబట్టి ఆశ ఉంది, జాగ్రత్త కూడా అవసరమే. 2023 జూలై నుంచి ఆస్ట్రేలియాలో అనుమతి ఉన్న మానసిక వైద్యులు దీన్ని రాయొచ్చు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 2020లో ఓటు వేసి ఒప్పుకుని, 2023లో కేంద్రాలు తెరిచింది.

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం శ్రద్ధగా వినండి. ఈ పరీక్షల్లో మాత్ర చేతిలో పెట్టి ఇంటికి పంపరు. ముందు కొన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడి మనిషిని సిద్ధం చేస్తారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకోబెడతారు. కళ్లకి గంత కడతారు, సంగీతం పెడతారు. ఆరేడు గంటలు పక్కనే మనుషులు కూర్చుంటారు. భయపడితే చేయి పట్టుకుంటారు. తర్వాత మళ్లీ పిలిచి, చూసినదాని అర్థం మాట్లాడుకుంటారు. చీకటి, పాట, పక్కన మనిషి, ముందు నియమం, తెల్లారేదాకా కాపలా. మరియా సబీనా ఇంట్లో ఉన్నవి ఇవే గదా? డాక్టర్లు ఎంతో శ్రమపడి తేల్చుకున్న భద్రత, వాళ్లు మొదట్లో వదిలేసి వచ్చిన కట్టుబాటే.

ఇంకా వినండి. ఈ చికిత్స మీద వచ్చిన ఒక పేటెంటు దరఖాస్తులో మెత్తటి కుర్చీలున్న గది, మంచి సౌండ్ సిస్టం, చికిత్సకుడు ధైర్యం చెబుతూ చేయి పట్టుకోవడం లాంటివి కూడా రాసుకున్నారు. భయపడ్డ మనిషి చేయి పట్టుకోవడం కూడా ఒకరి ఆస్తి అవుతుందా? మసాటెక్ జనానికి మాత్రం ఇందులో పేరూ లేదు, వాటా లేదు.

అందరూ ఓడిపోయారని అనుకోకండి. అమెరికా ఆదివాసీలు పెయోటీ విషయంలో వేరే దారి పట్టారు. 1918లో ఓక్లహోమాలో నేటివ్ అమెరికన్ చర్చ్ పేరుతో సంస్థ రిజిస్టర్ చేసుకున్నారు. తమ క్రతువుకి చట్టం ముందు ఒక పేరు పెట్టుకున్నారు. 1990లో క్లామత్ తెగకి చెందిన ఆల్ఫ్రెడ్ స్మిత్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. వాళ్లు ఊరుకోలేదు. కూడగట్టి పోరాడితే 1994లో అక్కడి పార్లమెంటు చట్టం సవరించి, ఆదివాసీల పెయోటీ క్రతువుకి రక్షణ ఇచ్చింది. ఇప్పుడు వాళ్ల బాధ ఇంకోటి. అమెరికాలో పెయోటీ ప్రధానంగా దక్షిణ టెక్సాస్‌లోనే పెరుగుతుంది. ఎదగడానికి పదేళ్లకి పైగా పడుతుంది. అన్ని సహజ సైకెడెలిక్స్‌నీ అందరికీ విడిచిపెట్టాలని నగరాల్లో ఉద్యమాలు వస్తే, దయచేసి పెయోటీని మీ జాబితాలోంచి తీసేయండి అని వాళ్లు అడుగుతున్నారు. అందరిదీ అంటే చివరికి ఎవరికీ మిగలదని వాళ్లకి తెలుసు.

సరే, మనకేం సంబంధం? మన కొండల్లోనూ ఇలాంటి పుట్టగొడుగు క్రతువు ఉందని నేను చెప్పడం లేదు. లేనిదాన్ని ఉందని చెప్పుకోవాల్సిన పని మనకి లేదు. కానీ మన వెజ్జుల దగ్గర, దిసారుల దగ్గర, వడ్డెల దగ్గర ఆకు, వేరు, బెరడు జ్ఞానం ఉంది. దాన్ని అడగడానికి వచ్చేవాళ్లూ ఉన్నారు.

కేరళ కాణి ఆదివాసీల సంగతి చూడండి. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి మనుషులు అలసట రాకుండా ఒక మొక్క కాయలు తిన్నారు. అదే ఆరోగ్యపచ్చ. దాంతో జీవని అనే మందు తయారైంది. 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చారు. ఫీజులోనూ రాయల్టీలోనూ సగం కాణి జనానికి ఇవ్వాలని తీర్మానించారు. ప్రపంచమంతా దీన్ని మెచ్చుకుంది. అయితే మందు తెలిసిన ప్లాతిలు, అంటే వాళ్ల సంప్రదాయ వైద్యులు, మమ్మల్ని అడగకుండా మా గుట్టు ఎట్లా చెప్పారని నిలదీశారు. డబ్బు వాటా తర్వాత సంగతి, అనుమతి ముందు.

మన చేతిలో చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(కె). పోడు పట్టా గురించి అందరికీ తెలుసు, ఈ క్లాజు గురించి తక్కువమందికి తెలుసు. జీవవైవిధ్యానికి సంబంధించిన మేధోసంపత్తి, సంప్రదాయ జ్ఞానం మీద మనకి సామూహిక హక్కు ఉందని అది చెబుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్‌లో ఏం రాశారు, ఎవరిని అడిగి రాశారు? వెళ్లి చూడండి.

చివరగా చిన్నోళ్లకి ఒక మాట, గట్టిగానే చెప్తున్నా. రీల్స్ చూసి పుట్టగొడుగులు ఏరి తినొద్దు. వానాకాలంలో ఏది కూరకి పనికొస్తుందో మీ అమ్మమ్మకి తెలుసు, ఫోనుకి తెలియదు. కొన్ని విషపు గొడుగులు తిన్న 6 నుంచి 12 గంటల దాకా ఏమీ చూపించవు, ఆలోగా కాలేయం దెబ్బతింటుంది. తిన్నారని తెలిస్తే వాంతుల దాకా ఆగకుండా, మిగిలిన ముక్క వెంటపెట్టుకుని ఆసుపత్రికి పోండి. సైలోసైబిన్ మన దేశంలో 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం. జైలుకి పోయేది వీడియో తీసినవాడు కాదు, దొరికిన మన పిల్లగాడు. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి ఉంటే ఇది ఇంకా ప్రమాదం, ఆ పరీక్షల్లోకి కూడా అలాంటివాళ్లని తీసుకోరు. మనసు బాగోలేకపోతే సిగ్గుపడకండి. పెద్దలకి చెప్పండి, డాక్టరుకీ చెప్పండి, రెండూ చేయండి.

ఎవరన్నా నోట్‌బుక్కు, కెమెరా పట్టుకుని మీ ఊరి వెజ్జు దగ్గరికి వస్తే, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. మర్యాద మన గుణం. తర్వాత గ్రామసభ పిలవండి. ఎందుకు అడుగుతున్నారు, ఎక్కడ అచ్చేస్తారు, వద్దంటే ఆపేస్తారా అని అందరి ముందూ అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. మరియా సబీనాకి అలా అడిగే గ్రామసభ లేదు. మనకి ఉంది.

జోహార్.