మొరాయించే జిప్పు

బూటు జిప్పు మీద గూడ ఉపన్యాసమా అని గేటు కాడనే ఒకాయన నవ్విండు. నవ్వనియ్యండి. కోరుట్ల, జగిత్యాల దిక్కు చెప్పులే ఎక్కువ, ఒప్పుకుంటా. కానీ గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే పిల్లల కాళ్లకు బూట్లుంటయి. ఆ బూటు జిప్పు ఎట్లనో, వాళ్ల పెద్ద బ్యాగు జిప్పూ అట్లనే.

ముప్పై ఏండ్లు ఐటీఐల ఫిట్టర్ పాఠం చెప్పినోణ్ణి. అయినా ఈ సంగతి నాకు పట్టించింది మా మేనల్లుడు. మస్కట్ నుంచి వచ్చిండు, పక్కన ఇత్తడి జిప్పున్న బూట్లు తొడిగిండు, చీలమండ కాడ జిప్పు రన్నర్ ఆగింది. ఒక్క గుంజు గుంజిండు. పుల్లర్ చేతికొచ్చింది, రన్నర్ అక్కడనే ఉంది. నేను చూసిన జిప్పులల్ల అరిగి చచ్చినవి తక్కువ, గుంజితే చచ్చినవే ఎక్కువ.

లోపల ఏమైతదో సిరిసిల్ల నేతోళ్లకు జెల్దిన అర్థమైతది, ఎందుకంటే జిప్పుల సగం నేత పనే. పండ్లను పట్టుకున్నది పడుగు, పేకలతోని నేసిన సన్న పట్టీ. రన్నర్ కడుపుల పంగకర్ర లెక్క దారి ఉంటది: పైన రెండు నోర్లు, కింద ఒకటి. పైకి పోతున్నప్పుడు రెండు వరుసలను ఏటవాలుగ తోసి, ఒక పన్ను బొడిపెను ఇంకో పన్ను గుంటల కూసోబెడ్తది. కిందికొస్తే నడిమి చీలిక వాటిని విడదీస్తది. ఆ సందు చానా చిన్నది. ఇసుక రేణువు చొచ్చినా, పట్టీ వంకరపడ్డా ఆగుడే.

ఇంకో ముచ్చట. ఈ వస్తువు పుట్టిందే కాళ్ల కోసం. అమెరికాల విట్‌కూంబ్ జడ్సన్ 1893ల బూట్లు మూసుడానికే కొక్కేల పట్టీ చేసిండు. అది ఊకె ఊడిపోయేది. స్వీడన్ల పుట్టిన గిడియన్ సుండ్‌బ్యాక్ 1913ల దాన్ని ఇప్పటి పండ్ల తీరుకు తెచ్చిండు, 1917ల పేటెంట్ వచ్చింది. 1923ల గుడ్‌రిచ్ కంపెనీ తన రబ్బరు బూట్లకు ‘జిప్పర్’ అని పేరు పెట్టింది. ఆ బూటు పేరే పట్టీకి అంటుకున్నది.

ఇగ మొరాయించిన జిప్పును ఎట్ల చూడాలె? ఒక్క చోటనే ఆగుతుందంటే అక్కడ దారం ఇరికిందో, పన్ను వంగిందో. దారాన్ని సూదితోని తియ్యండి, రన్నర్‌ను మాత్రం వెనక్కే తీస్కపొండి. పొడుగంతా బరువుగ నడుస్తుందంటే దుమ్ము, లేకుంటే చిలుము. సముద్రపు ఉప్పుగాలికి ఇత్తడి పండ్లు పచ్చబడ్తయి. మన అమ్మలు బిందెలు తోమినట్టే, చింతపండు పులుసుల ముంచిన పాత పండ్ల బ్రష్షుతోని పండ్ల మీదనే రుద్ది, వెంటనే కడిగి, మంచిగ ఆరబెట్టాలె. రన్నర్ సాఫీగ పోయి, వెనక పండ్లు విచ్చుకుంటున్నయంటే తప్పు పండ్లది కాదు, రన్నర్ నోరు వెడల్పైంది. పటకారుతోని దాని రెండు పక్కలను కొద్దికొద్దిగ నొక్కండి. కొద్దిగ అన్న, మళ్ల చెప్తున్న. ఎక్కువ నొక్కితే అసలే కదలదు.

ఆరినంక మైనం. ఇంట్ల కొవ్వొత్తి చాలు. పండ్ల మీద రెండు దిక్కులా రాసి, రన్నర్‌ను జానెడు దూరం పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, మిగిలింది గుడ్డతోని తుడవండి. లోహపు పండ్లకు పెన్సిల్ ముల్లు గూడ పనిచేస్తది, తెల్ల పట్టీ మీద మాత్రం నల్లగైతది. కొబ్బరినూనె వద్దు. మొదటి దినం బంగారం లెక్క నడుస్తది. తర్వాత మన రోడ్డు దుమ్మును పట్టుకొని బురదైతది. ఈ నూనె మాట మీద మా ఇంట్లనే నా మాట చెల్లది, అది వేరే సంగతి.

తొడిగే తీరు గూడ ఉంది. నిలబడి, కాలు వంచి గుంజితే పిక్క ఒత్తిడి జిప్పు మీద పడ్తది. కూసోండి, పాదం చక్కగ పెట్టండి, పాయింటు అంచు పక్కకు జరపండి, ఎడమచేత్తోని రెండు అంచులను దగ్గరికి పట్టి కుడిచేత్తోని రన్నర్‌ను నిలువుగ లాగండి. అంచులను కలిపే పని చెయ్యిది, రన్నర్‌ది కాదు.

బూట్లు తెచ్చినోళ్లు ముందుకు రండి. కొవ్వొత్తి నా జేబుల ఉంది. పటకారు ఎవరి బండి డిక్కీలనన్న ఉంటే పట్కరండి.