ఎనభై నిండిన ఆమెకు నలభై రెండేళ్లు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక దాని గురించే మాట్లాడమన్నారు. పాఠం చెప్పను, భయపడకండి. నా పొరపాటు ఒకటి చెబుతాను.

సి అనే కంప్యూటరు భాషను డెన్నిస్ రిచీ గారు అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో 1970ల మొదట్లో తయారుచేశారు. దాన్ని తలా ఒక తీరుగా వాడుతుండడంతో 1989లో అమెరికాలో, 1990లో అంతర్జాతీయంగా ఒక ప్రమాణం ఏర్పరిచారు. అందులో హామీ ఉన్నదాన్నే నమ్ముకుని రాస్తే ప్రోగ్రాము ఏ యంత్రం మీదైనా నడుస్తుంది.

నేను హామీ లేనిదాన్ని నమ్మాను. తేదీని కాలపు అంకెగా మార్చే ‘ఎమ్‌కేటైమ్’ అనే సాధనం సి భాషలో ఉంది. మా యూనిక్స్ యంత్రం 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టేది. అంతకు ముందు తేదీలకు మైనస్ అంకెలిచ్చేది. అది భాష నియమమే అనుకున్నాను. ప్రమాణంలో 1970 ఊసే లేదు! ఏ తేదీల దాకా పనిచేయాలో యంత్రానికే వదిలేశారు. చేతకానప్పుడు మైనస్ ఒకటి ఇవ్వాలన్నారు, అంతే.

2012లో ఆ ప్రోగ్రామును విండోస్ మీదికి మార్చారు. అక్కడ 1970కి ముందు తేదీ ఏదిచ్చినా మైనస్ ఒకటే. నా ప్రోగ్రాము దాన్నీ తేదీగానే తీసుకుంది. మన కాలమానంలో అది 1970 జనవరి 1 ఉదయం 5 గంటల 29 నిమిషాల 59 సెకన్లు. పెన్షనర్లందరూ ఒకే క్షణంలో పుట్టిన కవలలైపోయారు.

1932లో పుట్టిన ఒక కుటుంబ పెన్షనరుకు ఆ ఏడాదే ఎనభై నిండాయి. 2006 నుంచి వర్తించిన కేంద్ర వేతన సంఘం పెంపుదల ప్రకారం 20 శాతం అదనంగా రావాలి. జాబితాలో పేరే లేదు. మనవడి చెయ్యి పట్టుకుని మూడుసార్లు తిరిగారావిడ. గుమాస్తా తెర చూసి, ‘‘మీకింకా నలభై రెండేళ్లేనమ్మా’’ అన్నాడు. ‘‘మా పెద్దబ్బాయికే యాభై ఆరు, బాబూ’’ అని ఆవిడ నవ్వేశారు. పక్క గదిలో ఉన్న నాకు మాత్రం నవ్వు రాలేదు.

సంవత్సరం, నెల, రోజు మూడు అంకెలుగా ఉంచి పోల్చేటట్టు ఆ రాత్రే తిరగరాశాను. వయసు కట్టడానికి సెకన్లెందుకు చెప్పండి! ఆవిడకు బకాయితో సహా అందింది.

సెకన్లను 32 బిట్లలో దాచే పాత ప్రోగ్రాములకు 2038 జనవరి 19న ఇంకో గండం ఉంది. ఇంట్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే పిల్లలుంటే అడగండి, వారికి తెలుసు. మీరు మాత్రం ఇంటికి వెళ్లగానే పెన్షను పత్రం తీసి, మీదీ మీ శ్రీమతిదీ పుట్టిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

సెలవు.