తన పుప్పొడిని కాదనే పువ్వు

పట్టాలు అందుకున్న వృక్షశాస్త్ర, వ్యవసాయ విద్యార్థులకు నా అభినందనలు.

చలికాలం మొదట్లో అరకు లోయ వలిసె పూలతో పసుపుపచ్చగా మెరుస్తుంది. ఆ పువ్వులో పుప్పొడీ ఉంది, కీలాగ్రమూ ఉంది, రెంటి మధ్యా వెంట్రుకవాసి దూరం. అయినా సొంత పుప్పొడితో ఆ మొక్క గింజ కట్టడం అరుదు. పక్క మొక్క పుప్పొడిని తేనెటీగ మోసుకురావాలి. చేతికందిన దాన్ని కాదని, వస్తుందో రాదో తెలియని తేనెటీగ మీద సంతానాన్నంతా వదిలేయడం చిన్న తెగింపు కాదు.

ఎందుకీ తెగింపు? డార్విన్ 11 ఏళ్లు ప్రయోగాలు చేసి 1876లో పుస్తకం వేశారు. సొంత పుప్పొడితో పుట్టిన మొక్కలు చాలా జాతుల్లో పొట్టిగా, పీలగా పెరిగాయి. దాగి ఉన్న చెడు జన్యువులు రెండు వైపుల నుంచీ వచ్చి కలవడమే అందుకు ప్రధాన కారణమని తర్వాత తేలింది.

'ఆత్మవంధ్యత్వం' అని మీరు పరీక్షల్లో రాసింది సొంత పుప్పొడిని ఇలా కాదనడం గురించే. సంబంధాలు చూసేటప్పుడు మన పెద్దలు ముందు గోత్రం అడిగినట్టు, కీలం పుప్పొడి రకాన్ని అడుగుతుంది. ఒకటే అయితే అక్కడితో సరి. ఆ రకాన్ని నిర్ణయించేది క్రోమోజోము మీద ఎస్ స్థానం అనే చోటు. కీలం వైపు జన్యువూ పుప్పొడి వైపు జన్యువూ అక్కడ విడిపోకుండా కలిసే తరాలు దాటుతాయి. అడిగే తీరు మాత్రం ఒక్కో కుటుంబానిది ఒకటి. ఆవాల కుటుంబంలో పుప్పొడి పైపూతలోని చిన్న ప్రోటీన్‌ను కీలాగ్రం మీది గ్రాహకం గుర్తుపట్టి, మొలకెత్తకముందే నిలిపేస్తుంది. పెటూనియా లోపలికి రానిస్తుంది. పరాగనాళం కీలంలో కొంతదూరం సాగాక, దాని ఆర్‌ఎన్‌ఏను ఒక ఎంజైముతో ముక్కలు చేస్తుంది. యూరప్ పొలాల్లో పూసే ఎర్ర పాపీలోనైతే పరాగనాళంలోకి కాల్షియం ఉప్పొంగి, ఆ కణం తన చావును తానే మొదలుపెడుతుంది. ఈ మూడింటికీ చుట్టరికం లేదు. అవసరం ఒకటే, దారులు విడివిడిగా పుట్టాయి.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది ఎస్ రకాల లెక్క. అందరి దగ్గరా ఉన్న రకానికి చాలా పువ్వుల్లో చోటుండదు. ఎవరి దగ్గరా లేని కొత్త రకాన్ని ప్రతి పువ్వూ రానిస్తుంది. అందుకే అరుదైనది అంత తేలిగ్గా అంతరించదు. జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ ఈ లెక్కను 1939లోనే వేశారు. కొన్ని రకాలు జాతులకంటే పాతవి: పొగాకు బంధువుల్లోని ఒక ఎస్ రకానికి, సొంత జాతిలోని మరో రకంకంటే పెటూనియాలోని రకమే దగ్గరి చుట్టం కావచ్చు.

సొంత పుప్పొడికి అడ్డు పువ్వులో ఎక్కడుంది? 1967లో ఢిల్లీలో వృక్షశాస్త్రవేత్తలు ఎన్.ఎస్. రంగస్వామి, కె.ఆర్. శివన్న పెటూనియా పుప్పొడిని కీలాగ్రం మీద కాకుండా అండాల దగ్గరే ఉంచి, సొంత పుప్పొడితోనే గింజలు కట్టించారు. అడ్డు ఎక్కడుందో అంత స్పష్టంగా చూపిన ప్రయోగం మన దేశంలో జరిగిందని మీరు గర్వంగా చెప్పుకోవాలి.

కొత్త ఎస్ రకం పుట్టాలంటే కీలం జన్యువూ పుప్పొడి జన్యువూ రెండూ మారాలి. ఒకటి మారి రెండోది మారని దశలో మొక్క తన పుప్పొడినే ఒప్పుకునే ప్రమాదం ఉంది. మొక్కలు ఆ దశను ఎలా దాటాయన్నది నేటికీ వాదోపవాదాల్లో ఉంది. పరిశోధనకు వెళ్లేవారు ఈ ప్రశ్నను వలిసె చేలకు తీసుకెళ్లండి. వలిసె గిరిజన రైతులు నమ్ముకున్న నూనెగింజ. పూత మీద పురుగుమందు కొడితే తేనెటీగ పోతుంది. కొద్ది మొక్కల నుంచే విత్తనం ఎంచితే ఎస్ రకాలు తగ్గుతాయి. అప్పుడు చేను నిండా తేనెటీగలున్నా, పక్క మొక్క పుప్పొడిని కూడా పువ్వు సొంతదిగానే చూసి కాదంటుంది. మన చేలల్లో ఎన్ని ఎస్ రకాలున్నాయో లెక్కకట్టే చదువు మీకుంది. ఆ పని మొదలుపెట్టండి.