పందుల కొట్టములో కుంటు

కాడికి కట్టిన ఎద్దు కుంటినచో ఆ పూటనే తెలియును, సేద్యము ఆగిపోవును. పంది బండి లాగదు, నాగలి దున్నదు. దినములో అధికభాగము పండుకొనియే యుండును. కావున దాని కాలిబాధ యజమాని కంటబడుసరికి వారములు గడచిపోవును. ఈలోగా మేత తగ్గును, తూకము తగ్గును. ఈనిన పంది యైనచో కాలు నిలువక దబ్బున కూలబడి తన పిల్లలనే నలిపివేయును.

బనగానపల్లె ప్రాంతమున ఈ బాధకు నేల కూడ ఒక కారణము. ఇచ్చట నాపరాయి ఇంటి అరుగునకును అదియే, పశువుల కొట్టమునకును అదియే. చేరువలో దొరకు రాయిని విడిచి వేరొకటి తెమ్మని నేను చెప్పను. కాని నునుపైన నాపబండ తడిసెనా, పంది గిట్టకు నూనె పూసినట్లే యుండును. జారినప్పుడు గిట్ట చీలును, కీలు బెణకును. బండల సందులలో ఇరుకుకొని వెనుకనున్న చిన్న గిట్టలు ఊడివచ్చుటయు కలదు. మట్టిలో తిరుగు ఊరపందికి గిట్టలు వాటంతట అవియే అరుగును. తెల్ల యార్క్‌షైర్ పందియు, దాని సంకరజాతులును బరువైనవి. పైగా నాలుగు గోడల నడుమ పెరుగునవి.

కుంటును కనిపెట్టుటకు ఉదయము మేత వేయు వేళను మించినది లేదు. తొట్టి చప్పుడు వినగానే అన్నియు లేచును. ఆలస్యముగా లేచినదానిని గుర్తుంచుకొనుడు. కుక్కవలె పిఱ్ఱలపై కూర్చుండి లేవలేనిదానిని, వీపు విల్లువలె వంచి పొట్టి అడుగులు వేయుదానిని, తొట్టికడ ఒక కాలి కొనను మాత్రమే నేలకు తాకించి నిలుచుదానిని వేరుచేయుడు. అది పండుకొనిన పిమ్మట కాలు కడిగి చూడుడు. బురద క్రింద ఏ పుండును కనబడదు. పంది పాదమునకు నాలుగు గిట్టలుండును. బరువు మోయునవి ముందరి రెండే. వెనుకకాళ్ళలో వెలుపలి గిట్ట మరింత బరువు మోయును. చీలికలు, పుండ్లు తరచుగా దానియందే పుట్టును. మొదట దానిని తడవుడు. వేడిగా నున్నదా, పైచర్మము వాచినదా, నొక్కినచో కాలు లాగికొనుచున్నదా చూడవలెను. పంది శరీరపు వేడి సామాన్యముగా 102 డిగ్రీల ఫారెన్‌హీటు ప్రాంతమున నుండును. 104 దాటినచో జ్వరమే.

ఈ ప్రసంగము వినువారిలో పందులు పెంచువారు కొద్దిమందియే కావచ్చును. ఆవులు, గేదెలు గలవారు సైతము ఈ మాట వినవలెను. ఒక్కసారిగా నాలుగైదు పందులు కుంటి, ముట్టెపైనను, గిట్ట చర్మమును కలియుచోటను పొక్కులు లేచినచో అది గాలికుంటు కావచ్చును. ఈ రోగము తగిలిన పంది తన ఊపిరితో ఆవుకంటె ఎన్నో రెట్లు అధికముగా రోగక్రిమిని వెదజల్లును. 2019లో ఆరంభమైన జాతీయ పశురోగ నియంత్రణ పథకమున పందులను కూడ గాలికుంటు టీకాలకు చేర్చుటకు ఇట్టి కారణము కలదు. అట్టి మందను సంతకు తోలుట పొరుగువాని కొట్టమునకు నిప్పంటించుట వంటిది. ఆ దినమే పశువైద్యశాలకు తెలుపవలెను.

ఇక నేల సంగతి. బండపై ఉలితో సన్నని గాట్లు పెట్టించి, నీరు నిలువకుండ వాలు ఇయ్యవలెను. మరీ గరుకైనను మేలు కాదు. పాలు త్రాగు పిల్లల మోకాళ్ళు దోగి, ఆ గాయముగుండ చీము కీళ్ళకు పట్టును. ఈనుచోట పొడి వరిగడ్డి పరచుట మంచిది. బూజుపట్టిన గడ్డి పనికిరాదు. తవుడు, హోటలు మిగులుతో మాత్రమే పెంచినచో సున్నము చాలక ఎముకలు బలహీనపడును. లవణ మిశ్రమము కలుపవలెను.

కుంటుదానిని మెత్తని పొడినేలపై విడిగా నుంచవలెను. గిట్ట చెక్కుట తెలియనివారు కత్తి పట్టరాదు. సూదిమందు వేయించినచో, పశువైద్యుడు చెప్పిన గడువు తీరువరకు ఆ పందిని మాంసమునకు అమ్మరాదు.