ట్రాలీకి కందెన మరిచిపోయినాం

(ఆళ్లగడ్డలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కేసీ కాలువ నీళ్ల గురించి ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పినారు. మేము చెప్పబోయేది చిన్న విషయం. ఇంటి ముందర నిలబెట్టిన ట్రాక్టర్ ట్రాలీ గురించి.

ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చినారని అడిగితే మనలో ప్రతి ఒక్కరూ చెప్తారు. ట్రాలీ హబ్బు విప్పి గ్రీజు పెట్టింది ఎప్పుడంటే జవాబు రాదు. మన పెద్దలు ఇట్లా లేరు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండికే కట్టుకునేవాళ్లు. ఇరుసుకు కందెన వేయనిదే, కడచీల చూసుకోనిదే బండి కట్టేవాళ్లు కాదు. పది బస్తాల బండికి ఉన్న శ్రద్ధ వంద బస్తాల ట్రాలీకి లేకుండా పోయింది.

మా తప్పే చెప్తాం. ఒక ఏడు వడ్ల మూటలు వేసుకొని నంద్యాలకు పోతావుంటే శిరివెళ్ల మెట్ట దగ్గర ఎడమ చక్రం గరగరమంది. డ్రైవరు పిల్లోడు చెప్పినా, యార్డు చేరినాక చూద్దామన్నాం. కాసేపటికి హబ్బులోంచి పొగ వచ్చింది, చక్రం పక్కకు వాలింది. హైవే మీద మూటలన్నీ దించి ఇంకో ట్రాలీకి ఎత్తేసరికి తెల్లారింది. ఆ ముందురోజు అదే ట్రాలీలో పత్తి తీసే ఆడోళ్లను ఎక్కించుకొచ్చినాం. చక్రం ఒక రోజు ముందు పోయి ఉంటే? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

కారణం తర్వాత తెలిసింది. లోడు దించిన వెంటనే ట్రాలీని కాలువలోకి దింపి కడిగేవాళ్లం. తిరిగి తిరిగి వేడెక్కిన హబ్బు చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. సీలు పాతదైతే ఆ సందులోంచి నీళ్లను లోపలికి గుంజుకుంటుంది. నీళ్లు కలిసిన గ్రీజు తెల్లగా పాలమాదిరి అవుతుంది, బేరింగు తుప్పు పడుతుంది. పడవలను ట్రైలర్ మీద తెచ్చి నీళ్లలోకి దింపే దేశాల్లో, హబ్బు చల్లారినాకనే దింపమని చెప్తారు. మనకూ అదే సూత్రం. కడగాలంటే చల్లారనియ్యండి, ఇరుసు మునగనియ్యొద్దు. బురద మడిలో దిగిన ట్రాలీకీ ఇదే వర్తిస్తుంది.

కోతలకు ముందు ఒక పూట కేటాయించండి. గట్టి నేల మీద, అవతలి చక్రానికి రాయి అడ్డం పెట్టి, ఇరుసు కింద జాకీతో లేపి, మొద్దులు ఆనించండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. టకటకమని ఊగితే బేరింగు వదులైనట్టు. తిప్పితే గరగరమంటే అరిగినట్టు. విప్పినప్పుడు పాత గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టండి. రోలర్ల మీద గుంటలు గానీ, కాలిన నీలి రంగు గానీ కనబడితే మార్చాల్సిందే. కొత్త గ్రీజు పైపైన పూస్తే చాలదు, అరచేతిలో పెట్టుకొని రోలర్ల సందుల్లోకి ఎక్కించాలి. ఆయిల్ సీల్, స్ప్లిట్ పిన్ను కొత్తవి వేయాలి. నట్టును చక్రం తిప్పుతా బిగించి, మళ్లీ కొంచెం వదిలి పిన్ను పెట్టాలి. చక్రం సులువుగా తిరగాలి, ఊగకూడదు. మరీ బిగించినా బేరింగు కాలిపోతుంది.

టైర్లకు గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాళ్లు బాగున్నా పక్కలు పగిలిన టైరును లోడుకు నమ్మొద్దు. టైరు ఒక అంచునే అరుగుతావుంటే ఇరుసు వంగిందేమో చూపించండి. చక్రం విప్పి బిగించినాక కొంత దూరం పోయి నట్లు మళ్లీ బిగించండి. దారిలో ఆగినప్పుడల్లా హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే ముందుకు పోవద్దు.

ఇంకో మాట. ట్రాలీలో మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. 2018లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, అదే ఏడు యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్లు కాలువల్లో పడి కూలికి పోయే ఆడోళ్లు చనిపోయినారు. అవి బేరింగులతో జరిగినాయని మేము అనడం లేదు. ట్రాలీ మనుషుల కోసం చేసింది కాదని చెప్తున్నాం. కూలీలు ఇష్టపడి ఎక్కడం లేదు. పొలానికి పోయే బస్సు లేక ఎక్కుతున్నారు. అందుకే పనుల కాలంలో పల్లెలకు పొద్దున, సాయంత్రం బస్సు నడపాలని సంఘం అడగాలి. ట్రాక్టర్ల మరమ్మతు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. ఆ శిక్షణ మన రైతు సేవా కేంద్రాల దగ్గరికే రావాలని కూడా అడగాలి.

అడిగేది అడుగుదాం. అంతలోపల మన చేతిలో ఉన్నది చేద్దాం. ఊరికొక జాకీ, ఒక గ్రీజు డబ్బా, తెలిసిన మేస్త్రీ ఒకరు ఉంటే చాలు. వచ్చే ఆదివారం మా ఊర్లో మొదలుపెడుతున్నాం. ముందు విప్పేది మా ట్రాలీనే. మీ ట్రాలీ కూడా తోలుకొని రండి.