చట్టసభలలో స్త్రీలకు స్థానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పుస్తకములను గూర్చి మాటలాడవలసిన వేదికపై పార్లమెంటు ప్రసక్తి ఏలయని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయమునకును ప్రజాప్రభుత్వమునకును గల చుట్టరికము చాల దగ్గరిది. పదిమంది ఒకచోట గూడి పత్రిక చదివి, చదివినదానిని తర్కించి, ఒకరి మాట నొకరు ఓర్పుతో ఆలకించు అలవాటు గ్రామ గ్రంథాలయమున పుట్టును. ఆ అలవాటే పెరిగి పెద్దదై శాసనసభ యగును. కావున ఈ అరుగుమీద చోటు దొరకనివారికి ఆ సభలోను చోటు దొరకుట దుర్లభము.

మన పిఠాపురము పురుహూతికాదేవి వెలసిన శక్తిపీఠము. దేవిని పీఠముపై నిలిపి కొలుచుట మనకు తరతరములుగా వచ్చుచున్న ఆచారము. మనుష్యస్త్రీని సభాపీఠముపై కూర్చుండబెట్టుటకు మాత్రము మనకు ఇన్ని సందేహము లెందుకు కలుగుచున్నవో విచారింపవలసియున్నది.

ఈ విషయమున గోదావరి సీమ వెనుకబడినది కాదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. 1883లో స్త్రీలకొరకు ‘సతీహితబోధిని’ పత్రికను వెలువరించిరి. కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రధానాచార్యులుగా నుండి స్త్రీలకు ప్రవేశము కల్పించిరి. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయిగారు 1923 నాటి కాకినాడ కాంగ్రెసు సమయమున, పదునాలుగేండ్ల బాలికగా, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛందసేవ చేయుచు, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయక నిలిపిన కథ మీరందరు వినియుందురు. ఆ బాలికయే పెరిగి రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలైనది. ఆ పరిషత్తులో స్త్రీలు పదునైదుగురు మాత్రమే.

ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము రాష్ట్ర శాసనసభలలో స్త్రీలకు 41 స్థానములను ప్రత్యేకించెను. అందులో మద్రాసునకు వచ్చినవి 8. ఆనాటి ప్రముఖ మహిళా సంఘములు ఆ ఏర్పాటును కోరలేదు, పైపెచ్చు వ్యతిరేకించినవి. రాజ్యాంగ పరిషత్తులోను హంసా మెహతా, రేణుకా రే వంటి విదుషీమణులు స్త్రీలకు ప్రత్యేక స్థానములు అక్కరలేదనిరి. దేశము స్వతంత్రమైనచో యోగ్యత కలవారికి తలుపులు వాటంతట అవియే తెరచుకొనునని వారి నమ్మకము. అది ఉదాత్తమైన నమ్మకము. కాని ఏడు దశాబ్దముల అనుభవము దానిని బలపరచలేదు. 1952లో ఏర్పడిన తొలి లోకసభలో స్త్రీలు నూటికి అయిదుగురైనను లేరు. ఆ తొలి ఎన్నికలలో దుర్గాబాయిగారే ఓడిపోయిరి. ప్రణాళికాసంఘమునను, 1953లో నెలకొన్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షపదవియందును ఆమె చేసిన సేవ లోకవిదితము. కాని రాజ్యాంగ రచనలో పాలుగొన్న ఆ విదుషికి ప్రజలెన్నుకొన్న తొలి లోకసభలో చోటు దొరకలేదు. 2024లో ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 గురు. ఇన్ని యేండ్లకును నూటికి పదునాలుగు కాలేదు.

“స్త్రీలను నిలబెట్టినను జనులు వోట్లు వేయరు” అని పార్టీలవారు సమాధానము చెప్పుచుందురు. దానికి మన డెల్టాయే ప్రత్యుత్తర మిచ్చినది. 1957లో ఏలూరు నియోజకవర్గము మోతే వేదకుమారిగారిని లోకసభకు పంపినది. 1962లో అదే ఏలూరు, వేరొక పక్షమునకు చెందిన వి. విమలాదేవిగారిని పంపినది. అప్పుడు ఏ కోటాయు లేదు, ఏ చట్టమును నిర్బంధింపలేదు. వరుసగా రెండు పర్యాయములు ఇద్దరు స్త్రీల నెన్నుకొన్న ఆ వోటరులు స్త్రీద్వేషులని ఎవ్వరనగలరు? అయినను 1967 మొదలు 2024 వరకు జరిగిన పదునైదు సార్వత్రిక ఎన్నికలలో ఏలూరునుండి మరియొక స్త్రీ లోకసభకు పోలేదు. వోటరు మనస్సు మారినదని నేను తలపను. వోటరు ముందుకు వచ్చు పేరు ఎవరిదో నిర్ణయించువారు వేరు. టిక్కెట్టు ఇచ్చు గది తలుపు లోపలినుండి గడియపడియున్నది. ఒకనాడు దయతలచి తెరచిన తలుపును మరునాడు మూయవచ్చును. అడుగుటకు అధికారము లేదు. దయకును హక్కునకును గల భేదమిది.

మన కాకినాడ నియోజకవర్గమును చూడుడు. 1952 మొదలు 2014 వరకు అచ్చటినుండి ఒక్క స్త్రీయైన లోకసభకు ఎన్నిక కాలేదు. 2019లో వంగా గీతగారు ఎన్నికైరి. ఏ పక్షమును పొగడుటకుగాని తెగడుటకుగాని నేనీ మాట చెప్పుటలేదు; ఆమె నడచిన మార్గమును మాత్రము గమనింపుడు. 73వ రాజ్యాంగ సవరణ పిమ్మట రాష్ట్రమున 1995లో స్థానిక ఎన్నికలు జరిగినవి. ఆమె అప్పుడు తూర్పుగోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షురాలైరి; 2000లో రాజ్యసభకు వెళ్లిరి; 2009లో ఈ పిఠాపురమునుండియే శాసనసభకు ఎన్నికైరి; ఆ పిమ్మట లోకసభ. క్రింది మెట్టు ఉన్నచో పై మెట్టునకు ఎక్కుట సాధ్యమని దీనివలన తెలియుచున్నది. ఆ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయించెను. మన రాష్ట్రము 2011లో దానిని సగమునకు పెంచినది.

పార్లమెంటునకు వచ్చుసరికి మాత్రము ఆలస్యము జరిగినది. 1996 సెప్టెంబరులో మొదటి బిల్లు వచ్చెను. సభలు రద్దగుటచే అది పలుమార్లు మురిగిపోయెను. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించిన బిల్లు సైతము లోకసభ గడప దాటలేదు. తుదకు 2023 సెప్టెంబరులో, లోకసభలో 454 మంది అనుకూలురుగా, ఇద్దరు ప్రతికూలురుగా, రాజ్యసభలో ఏకగ్రీవముగా, 106వ సవరణ నెగ్గినది. మన గ్రంథాలయము పుట్టి రజతోత్సవము చేసికొనుటకు పట్టిన కాలముకంటె అధికముగా, 27 ఏండ్లు, ఆ న్యాయము వాకిట నిలిచియున్నది. అప్పటికిని చట్టము దానిని జనగణనకును నియోజకవర్గముల పునర్విభజనకును ముడిపెట్టినది. 2024లో ఆంధ్రప్రదేశమునుండి లోకసభకు వెళ్లిన 25 గురిలో స్త్రీలు ముగ్గురు. మూడవవంతు లెక్క వేసినచో ఎనమండుగురు కావలెను.

ఇక ఆక్షేపణలు. “సర్పంచి పేరు భార్యది, పెత్తనము భర్తది” యందురు. అట్టి గ్రామములు లేకపోలేదు. కాని కుర్చీ వదలనివాడు భర్తయైనప్పుడు, దిగిపొమ్మనవలసినది భార్యనా? పశ్చిమబెంగాలు, రాజస్థానములలోని పంచాయతీలను పరిశోధించి ఛటోపాధ్యాయ, డఫ్లో అను ఆర్థికవేత్తలు 2004లో ప్రకటించిన వ్యాసమును చూడుడు: అధ్యక్షపదవి స్త్రీలకు కేటాయింపబడినచోట త్రాగునీటి పనులకు ఎక్కువ శ్రద్ధ లభించినది. బిందె మోయు తలకే నీటి బరువు తెలియును.

“యోగ్యత చూడవలెను గాని స్త్రీపురుష భేదమేల?” యని రెండవ ఆక్షేపణ. ఈ ప్రశ్నను పురుషుల విషయమున అడిగినవారు అరుదు. ఏలూరు చరిత్ర చెప్పునది యేమనగా, యోగ్యతయు ప్రజాదరణయు రెండును ఉన్నను ద్వారము మూసియుండవచ్చును.

మరి రెండు ఆక్షేపణలు కొట్టివేయదగినవి కావు. ప్రత్యేకించిన నియోజకవర్గములు మారుచుండుటచే, గెలిచినవారికి ఆ చోటిపై మమకారము పెరుగదని ఒకటి. వెనుకబడిన తరగతుల స్త్రీలకు వేరుగా భాగము చూపకున్న, పెద్దయిండ్ల కోడండ్రే సభకు చేరుదురని రెండవది. షెడ్యూల్డు కులముల, తెగల స్థానములలో మూడవవంతు స్త్రీలకు చెందునని చట్టము చెప్పినది. వెనుకబడిన తరగతుల ఊసు ఎత్తలేదు. ఈ లోపములను దిద్దుకొనవలయును. అయితే ఇంటి కప్పు కారుచున్నచో కప్పు నేయుదుము గాని ఇల్లు విడిచిపోము.

ఇతర దేశముల అనుభవము మన కండగా నున్నది. అర్జెంటీనా 1991లోనే పార్టీల అభ్యర్థుల పట్టికలలో స్త్రీలకు భాగమును చట్టముచే నిర్ణయించెను. ఆఫ్రికాలోని రువాండా 2003 రాజ్యాంగమున నూటికి 30 అని వ్రాసికొన్నది. 2008 నాటికి అచ్చటి లోకసభలో స్త్రీలు సగమును మించిరి. నార్వేలో చట్టముకొరకు వేచియుండక, రాజకీయ పక్షములే తమ నియమములు మార్చుకొన్నవి. మన పక్షములకును ఆ పని చేయుటకు ఏ సవరణయు అవసరము లేదు.

పక్షములకు చెప్పుటకు ముందు మనమేమి చేయగలమో ఆలోచింతము. ఈ సంచికలో అచ్చగు కార్యవర్గ సభ్యుల పేర్లు చదివి, అందు స్త్రీల పేర్లెన్నియో లెక్కింపుడు. గ్రంథాలయము సాయంకాలము తెరచియుండును. ఆ వేళ పురుషునికి విశ్రాంతి, స్త్రీకి పొయ్యి. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు గంటలవరకు తలుపు తెరచినచో, పనులు ముగించుకొన్న గృహిణులును, బీడీలు చుట్టువారును, కూలినుండి వచ్చిన యువతులును నాలుగు పుటలు చదువుకొందురు. కార్యవర్గమున మూడవవంతు స్థానములు వారికి వచ్చే ఎన్నికలనుండియే కేటాయింపుడని నా విన్నపము. దీనికి జనగణన అక్కరలేదు, పునర్విభజన అక్కరలేదు. మీ సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చాలును.

నేడు ఇచ్చట పద్దుపుస్తకము చూచి, “ఈ ఖర్చు ఎందులకు?” అని నిలదీయుట నేర్చిన ఆడుపడుచు రేపు జిల్లా పరిషత్తులోను, ఎల్లుండి ఢిల్లీలోను అదే ప్రశ్న వేయగలదు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి అధ్యక్షపీఠమున ఒక స్త్రీ కూర్చుండియుండుట ఎవ్వరికిని వింతగా తోచకుండుగాక యని కోరుచున్నాను.