గర్భిణి, ఎలర్జీ మాత్ర, ఒక హెచ్చరిక
(ఆరోగ్య విషయాలపై ఏర్పాటైన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుడను కాను. హిందీ నుండి తెలుగులోనికి అనువదించడం నా వృత్తి. అయినా ఈ విషయంపై మాట్లాడడానికి సాహసించడానికి ఒక కారణమున్నది.

హిందీలో ‘పరామర్శ్’ అంటే సలహా. తెలుగులో పరామర్శ అంటే కష్టంలో ఉన్నవారిని పలకరించి ఓదార్చడం. ఒక ఆరోగ్య కరపత్రాన్ని అనువదిస్తూ, గర్భిణులు ఎలర్జీ మాత్రను ‘వైద్యుని పరామర్శ లేనిదే వాడరాదు’ అని పొరపాటున వ్రాసి, అచ్చుకు పోకముందే ‘సలహా’ అని దిద్దుకొన్నాను. తప్పు తీరినదనుకొన్నాను. కాని మా పొరుగున ఉన్న ఐదవ నెల గర్భిణి ఆ వాక్యంలో చివరి మాటనే చదివినది: ‘వాడరాదు’. ఒళ్లంతా దద్దుర్లతో నాలుగు రాత్రులు నిద్ర లేక గడిపినది. వైద్యుని వద్దకు మాత్రం వెళ్లలేదు.

ఆమె భయం అకారణమైనది కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను నిద్రకు, వేవిళ్లకు గర్భిణులు వాడారు. పదివేలకు పైగా శిశువులు అవయవ లోపాలతో జన్మించారు. 1961లో అక్కడ దానిని ఉపసంహరించారు. అయితే అది యాంటీహిస్టమిన్ కాదు.

రెండవ చరిత్ర కూడా వినండి. డాక్సిలమిన్ అనే యాంటీహిస్టమిన్‌ను బి-6 విటమిన్‌తో కలిపిన బెండెక్టిన్‌ను అమెరికాలో వేవిళ్లకు ఇచ్చేవారు. హాని రుజువు కాకపోయినా, వ్యాజ్యాల ఒత్తిడి వలన 1983లో దానిని విరమించారు. తరువాత శిశువుల లోపాలు తగ్గలేదు. వాంతులతో ఆసుపత్రి పాలైన గర్భిణుల సంఖ్య మాత్రం పెరిగినది. 2013లో అదే మిశ్రమానికి మరొక పేరుతో తిరిగి అనుమతి లభించినది. మన దేశంలోనూ వైద్యులు దానిని వ్రాస్తున్నారు.

క్లోర్‌ఫెనిరమిన్, సెటిరిజిన్, లోరటాడిన్‌ల విషయంలో ఇంతవరకు జరిగిన పరిశీలనలలో శిశువుకు లోపాలు పెరిగినట్లు కనబడలేదు. ‘హాని కనబడలేదు’ అన్న మాట, ‘హాని లేనేలేదు’ అన్న మాట ఒకటి కావు. ఏ మందూ వాడకపోయినా నూటికి సుమారు ముగ్గురు శిశువులు ఏదో ఒక లోపంతో పుడతారన్నది కూడా మరువరాదు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. జలుబు మాత్రలలో యాంటీహిస్టమిన్‌తో పాటు ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ వంటి మందులు కలిసి ఉంటాయి. దుకాణంలో అడిగి కొని మ్రింగరాదు. శిశువు అవయవాలు ఏర్పడే మొదటి మూడు నెలలలో మరింత మెలకువ అవసరం. ప్రసవం సమీపించినప్పుడు మత్తు కలిగించే రకాలను ఎక్కువగా వాడితే పుట్టిన బిడ్డకు మగత, చిరాకు కలుగవచ్చు. చివరి నెలలలో దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురదపెడితే అది కాలేయ వ్యాధి సూచన కావచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

మా పొరుగు సోదరిని చివరకు ఇంటివారు వైద్యురాలి వద్దకు తీసుకొనిపోయారు. ఆమె పరీక్షించి, తగిన మాత్ర వ్రాసి ఇచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టినది.

ఒకే మాత్ర దేశమంతటా అమ్ముడుపోతున్నది. దాని హెచ్చరిక మాత్రం అందరి భాషలోనికి చేరడం లేదు. ఇకమీదట నేను ఆ వాక్యాన్ని ఇలా వ్రాస్తాను: ‘గర్భిణులు ముందుగా వైద్యుని అడగండి, వారు ఇస్తే నిర్భయంగా వాడండి.’